అరుగం బే: ఇక్కడ ముందు దారి ఎవరిది?

ఈ ఎపిసోడ్‌లో శ్రీలంక తూర్పు తీరంలో ఉన్న అరుగం బే గురించి మాట్లాడుకుందాం. సర్ఫింగ్ చేసేవాళ్లలో దీనికి ప్రపంచమంతా పేరుంది. వీడియోల్లో అలలు, కేఫ్‌లు, సాయంత్రాలు బాగా చూపిస్తారు. కానీ వెళ్లే ముందు తెలియాల్సిన విషయం ఇంకోటుంది. సముద్రంలోనైనా, అడవి రోడ్డు మీదైనా, ముందు దారి ఎవరిదో చూసుకుని కదలాలి. అది తెలియక నేను ఒక కుర్రాడి తల పగలగొట్టబోయాను. ఆ సంగతి తర్వాత చెప్తా.

ముందు, అక్కడ అలలు ఎందుకు అంత బాగుంటాయి? అవి అక్కడ పుట్టేవి కావు. మనకి ఎండాకాలం, వానాకాలం నడిచే నెలల్లో భూమధ్యరేఖకి అవతల చలికాలం. అప్పుడు హిందూ మహాసముద్రం దక్షిణ భాగంలో పెద్ద తుఫానులు లేస్తాయి. వాటి తాకిడికి లేచిన నీళ్ల ఉబ్బు వేల కిలోమీటర్లు ప్రయాణం చేసి లంక తీరానికొస్తుంది. అరుగం బేలో నేల కొమ్ములా సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. దాన్నే పాయింట్ అంటారు. అల ఆ కొమ్ము దగ్గర మొదలై, ఒక్కసారిగా కూలిపోకుండా, ఒక వైపు నుంచి వరసగా విరుగుతూ ఒడ్డు వెంబడి పోతుంది. అందుకే అంతసేపు బోర్డు మీద నిలబడొచ్చు. మన రుషికొండ లాంటి ఇసుక బీచ్‌లో అల విరిగే చోటు మారుతూ ఉంటుంది. ఇక్కడ దాదాపు ఒకే చోట విరుగుతుంది.

సీజన్ సుమారుగా మే నుంచి సెప్టెంబరు దాకా. ఆ నెలల్లో నైరుతి గాలి నేల మీదుగా వచ్చి సముద్రం వైపు వీస్తుంది. పొద్దున్నే అల ముఖం నున్నగా ఉంటుంది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి మొదలై నీళ్లు చెదిరిపోతాయి. కాబట్టి తెల్లారేసరికి నీళ్లలో ఉండాలి. డిసెంబరులో వెళ్లాలనుకుంటే మాత్రం దక్షిణాన ఉన్న వెలిగామ వైపు చూసుకోండి.

ఇప్పుడు అసలు సమస్య. అల ఒకే చోట విరుగుతుంది కాబట్టి అందరూ ఆ ఒక్క చోటే కాచుకుని ఉంటారు. అక్కడ రూల్ ఒకటే: అల విరగడం మొదలైన చోటుకి ఎవరు దగ్గరగా ఉంటే ఆ అల వాళ్లది. వాళ్ల ముందుకు దూరడాన్ని డ్రాప్ ఇన్ అంటారు. నేను నాలుగు రోజులు నేర్చుకుని, ఇంక వచ్చేసిందనుకుని మెయిన్ పాయింట్‌కి వెళ్లిపోయాను. అల కనబడగానే లేచాను. పక్కకి చూస్తే ఒక లోకల్ కుర్రాడు అప్పటికే అదే అల మీద నా వైపు వస్తున్నాడు. అతను నన్ను తప్పించడానికి దూకేశాడు. నా బోర్డు అతని చెవి పక్క నుంచి పోయింది. పైకి లేచి తిట్టలేదు. "అన్నా, వెనక చూడు. ముందు చూస్తే సరిపోదు" అన్నాడు తమిళంలో. ఆ రోజు మళ్లీ నేను నీళ్లలోకి దిగలేదు.

కొత్తవాళ్లు లోపలి వైపున్న బేబీ పాయింట్‌లో గానీ, టుక్‌టుక్‌లో వెళ్లే పీనట్ ఫార్మ్, విస్కీ పాయింట్‌లలో గానీ నేర్చుకోవడం మంచిది. మెయిన్ పాయింట్ కింద రాయి ఉంటుంది, పడితే కోసుకుంటుంది. ఎక్కడికెళ్లినా కాలికి బోర్డు తాడు కట్టుకోవాలి. ప్రవాహం లోపలికి లాగితే దానికి ఎదురు ఈదకండి. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, దాన్నుంచి బయటపడి అప్పుడు ఒడ్డుకి రండి.

ఇదే పాఠం నాకు రోడ్డు మీద కూడా ఎదురైంది. అరుగం బే నుంచి పానమ మీదుగా దక్షిణంగా వెళ్తే ఒకంద దగ్గర కుమన నేషనల్ పార్క్ గేటు వస్తుంది. ఏనుగులు, చిరుతలు, మొసళ్లు ఉంటాయి. 1938లోనే పక్షుల కోసం రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడి చిత్తడి నేలలో కొంగలు, గూడబాతులు గూళ్లు పెడతాయి. అయితే ఏనుగుని చూడ్డానికి పార్కు దాకా పోనక్కర్లేదు. ఒక సాయంత్రం మా టుక్‌టుక్ ముందే ఒకటి రోడ్డు దాటుతోంది. డ్రైవర్ దూరంగా ఆపేశాడు. నేను ఫోన్ లైట్ వేయబోతే చెయ్యి పట్టుకున్నాడు. "దాని దారిలో మనం ఉన్నాం" అన్నాడు. రోడ్డు పక్కన ఏనుగులకి పళ్లు పెట్టడం కూడా వద్దు. తిండి అలవాటైతే అవి బండ్ల మీదకొస్తాయి. చివరికి దెబ్బ తినేది ఊరివాళ్లు, ఏనుగులు. మనం కాదు.

అదే ఒకందలో మురుగన్ గుడి ఉంది. మురుగన్ అంటే మన సుబ్రహ్మణ్యస్వామి. కతరగమ ఉత్సవానికి ముందు, మామూలుగా జూన్, జులై రోజుల్లో, ఉత్తరాన జాఫ్నా నుంచి కూడా భక్తులు నడుచుకుంటూ వచ్చి ఇక్కడ ఆగి, ఆ అడవి గుండానే ముందుకెళ్తారు. కతరగమకి హిందువులు, బౌద్ధులు, ముస్లింలు, ఆదివాసులైన వెద్దలు అందరూ వస్తారు. పక్కనున్న పొత్తువిల్ ఊళ్లో తమిళం మాట్లాడే ముస్లింలే ఎక్కువ. కొద్దిగా తమిళం వచ్చినా పని జరిగిపోతుంది. బీచ్ దాటి ఊళ్లోకొస్తే ఒళ్లంతా కప్పే బట్టలు వేసుకోండి.

పొద్దున ఒడ్డున మత్స్యకారులు పెద్ద వల లాగుతుంటారు, మన అలివి వల లాగే. ఆ తాడు దాటుకుంటూ బోర్డుతో పరిగెత్తకండి, ఆగండి. 2004 డిసెంబరు 26 సునామీ ఈ ఊరిని తుడిచిపెట్టింది. ఆ తర్వాత వాళ్లు మళ్లీ కట్టుకున్న బతుకు అది. 2018లో ఇక్కడి ఆడవాళ్లు సొంతంగా సర్ఫ్ క్లబ్ పెట్టుకున్నారు. "ఆడపిల్లలకి సముద్రమేంటి" అనే మాటలు దాటుకుని నీళ్లలోకి దిగారు. వాళ్లు అల కోసం చూస్తుంటే, కొత్తగా వచ్చిన మనం అడ్డుపడడం ఎంత తప్పో ఆలోచించండి.

చివరి రోజు ఆ కుర్రాడు మళ్లీ కనిపించాడు. నేను వెనక చూసి ఆగాను, అల అతను తీసుకున్నాడు. తర్వాతి అలకి చేత్తో నన్ను పొమ్మన్నాడు. మొత్తం ట్రిప్‌లో నేను బాగా నిలబడింది ఆ ఒక్క అల మీదే.