కైసరు నాణెము, దేవుని స్వరూపము

శ్రావణమాసం వచ్చిందంటే ఆదోని, ఎమ్మిగనూరు దారులన్నీ ఉరుకుంద వైపే సాగుతాయి. బస్సులు, ట్రాక్టర్లు, కాలినడకన వచ్చేవారు. ఈరన్న స్వామి దర్శనానికి మన జిల్లావారే కాదు, కర్ణాటక నుండి కూడా జనం వస్తారు. మనతో కలిసి కలుపు తీసేవారు, మన బిడ్డలతో బడికి పోయే పిల్లల తల్లిదండ్రులు, అందరూ ఆ దారిన పోయేవారే.

అలాంటి రోజులలో ఒక కుటుంబ ప్రార్థన ముగిసిన తరువాత ఒక యౌవనస్థుడు లేచి అడిగాడు: "అయ్యగారూ, గుడికి ప్రభుత్వమే ఆఫీసరును పెడుతుంది, బస్సులు వేస్తుంది. మనం ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటే మాత్రం నలుగురు వచ్చి ఎవరిని మారుస్తున్నారని నిలదీస్తారు. ప్రభుత్వం మన పక్షాన ఉంటే ఎంత బాగుండును!"

ఆ మాట వెనుక గాయం ఉంది. దానిని కసరి కూర్చోబెట్టకూడదు. అయితే అతడు కోరినది నిజముగా మనకు మేలైనదా? ప్రియ పాఠకులారా, కొంచెం వెనుకకు వెళ్లి చూద్దాం.

మన ప్రాంతములో జరిగినది

1800లో నిజాము దత్త మండలాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడు. ఆదోని అందులో భాగమే. 1953 వరకు అది బళ్లారి జిల్లాలో ఉండేది. 1810లో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జాన్ హాండ్స్ బళ్లారికి వచ్చి పరిచర్య ప్రారంభించాడు.

పాలకులు క్రైస్తవ దేశంవారు గనుక సంఘానికి అండగా నిలిచారని అనుకొంటాం. జరిగింది వేరు. 1817లో మద్రాసు ప్రభుత్వం ఏడవ రెగ్యులేషన్ ద్వారా దేవాలయముల ఆస్తుల పర్యవేక్షణను రెవెన్యూ బోర్డుకు, కలెక్టర్లకు అప్పగించింది. ఉత్సవాలలో కంపెనీ సైనికులు హాజరై మర్యాదలు చేయవలసి వచ్చేది. 1836లో మద్రాసులోని పాదిరులు, మిషనరీలు, విశ్వాసులు కలిసి, క్రైస్తవ సైనికులను, ఉద్యోగులను వారి మనస్సాక్షికి విరోధమైన ఉత్సవాలకు నిర్బంధించవద్దని వినతిపత్రం వ్రాశారు. దానిని ప్రభుత్వానికి పంపిన మద్రాసు మొదటి బిషప్పు దానియేలు కోరీ మెప్పు పొందలేదు, మందలింపు పొందాడు. మద్రాసు సైన్యాధిపతి సర్ పెరెగ్రిన్ మెయిట్లండ్ ఈ విషయమై తన పదవినే వదులుకొన్నాడు. చివరకు 1863లో ఇరవయ్యవ చట్టముతో ప్రభుత్వం గుళ్ల నిర్వహణ నుండి తప్పుకొంది.

తరువాతి కాలంలో ప్రభుత్వం మరల ఆ బాధ్యత తీసుకొంది. నేడు ఉరుకుంద వంటి దేవాలయాలు 1987 నాటి చట్టము క్రింద దేవాదాయ శాఖ చేతిలో ఉన్నాయి. ఇది గుడికి మేలా కీడా అని హిందూ సోదరులలోనే పెద్ద వాదన ఉంది. ఆఫీసరు రావడం వరమని మనము అనుకొంటే, అది భారమని వారిలో అనేకులు అంటారు.

ఖడ్గము మన చేతికి వచ్చినప్పుడు

ప్రభుత్వం క్రైస్తవుల పక్షాన నిలిచిన చోట ఏమి జరిగిందో కూడా దాచకుండా చెప్పుకోవాలి. 1527 జనవరిలో స్విట్జర్లాండులోని జూరిచ్ పట్టణంలో ఫెలిక్స్ మాంజ్ అనే విశ్వాసిని నదిలో ముంచి చంపారు. పెద్దవారైన పిమ్మటనే బాప్తిస్మము ఇవ్వాలని బోధించుటే అతని నేరం. చంపించినది సంస్కరణను అంగీకరించిన ప్రొటెస్టంటు పట్టణ సభయే! 1635లో అమెరికాలోని మసాచుసెట్స్ పాలకులు రోజర్ విలియమ్స్‌కు దేశబహిష్కార శిక్ష వేశారు. వారు కూడా బైబిలు చదివేవారే. మరుసటి సంవత్సరం అతడు ప్రావిడెన్సు అనే ఊరు స్థాపించి, ఏ మతమువానినైనా వాని మనస్సాక్షి విషయమై శిక్షించకూడదని నియమించాడు. తెలుగు నేలకు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు ఆ సాక్ష్యమునకు వారసులే.

సంఘానికి రాజు అండ దొరికినప్పుడు మొదట నష్టపోయినది సంఘములోని బలహీనుడే.

మన రాజ్యాంగం

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగం 25వ అధికరణంలో మనస్సాక్షి స్వేచ్ఛను, మతమును అవలంబించి, ఆచరించి, ప్రచారం చేసే హక్కును అందరికీ ఇచ్చింది. ప్రజాశాంతి, నీతి, ఆరోగ్యము అనే హద్దులు కూడా పెట్టింది. ఒక మతం కోసం పన్ను వేయకూడదని 27వ అధికరణం చెబుతుంది.

హద్దులు మనకూ వర్తిస్తాయి. ప్రచారం చేసే హక్కు ఉంది గాని, మరొకరిని మతం మార్చే హక్కు దానిలో లేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇరుగుపొరుగును బాధించే మైకు ఆరాధనలో భాగం కాదని 2000లో చెన్నైలోని ఒక సంఘము వ్యాజ్యంలో తీర్పు ఇచ్చింది. ప్రభుత్వం గుర్తించిన ఆరాధన స్థలాలలో ఇతర మత ప్రచారాన్ని 2007లో మన రాష్ట్రం చట్టంతో నిషేధించింది. మన మందిరములో వేరొకరు వచ్చి కరపత్రాలు పంచితే మనకెలా ఉంటుంది?

రెండు పరీక్షలు

మొదటిది రొట్టె పరీక్ష. 2021లో రాష్ట్ర ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ప్రారంభించింది. అర్చకులకు, ఇమాములకు ఇచ్చినట్లే మనకూ ఇచ్చారు, తప్పేమిటని అడగవచ్చు. తీసుకొన్న కాపరిని నేను నిందించను. పంటలు లేక విశ్వాసులు సుగ్గికి పోయినప్పుడు కానుక పెట్టె ఖాళీ. ఆ కాపరి బిడ్డలకు కూడా ఆకలి ఉంటుంది. నింద ఉంటే సంఘమునకే. కాని నాతాను దావీదు ఎదుట నిలిచి ఆ మనుష్యుడవు నీవే అన్నట్లు చెప్పగలిగినది ఎవరు? రాజు చేతి కూడు తినేవానికి అది ఎంత కష్టము! కాపరిని పోషించుట మన పని. కైసరు మీద వేసి మనము తప్పుకొనకూడదు.

రెండవది కాగితపు పరీక్ష. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే షెడ్యూల్డు కులాల హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను నేటికీ చేర్చలేదు. 2023 మార్చిలో మన శాసనసభ చేర్చమని తీర్మానం చేసింది. గుంటూరు జిల్లాలో కులం పేరుతో తిట్టి కొట్టారని ఒక పాస్టరు పెట్టిన కేసులో, 2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు, క్రైస్తవ మతంలో చేరినవానికి అట్రాసిటీ చట్టం రక్షణ ఉండదని తీర్పునిచ్చింది.

దీనివలన మన పల్లెలలో ఏమి జరుగుతున్నదో మీకు తెలుసు. బిడ్డ పేరు బాప్తిస్మపు రిజిస్టరులో వ్రాయించుటకు తండ్రి చేయి వణుకుతుంది. ఊరు అతని కులము మరువదు. చట్టము అతని విశ్వాసము చూచి తలుపు వేస్తుంది. కర్ర ఎత్తకుండానే జరిగే హింస ఇది. మేలు ఇచ్చే ముందు ప్రభుత్వం మనిషి హృదయమును తూకం వేయుటే దీనిలోని తప్పు. అబద్ధమాడమని ఎవరికీ సలహా ఇవ్వలేను. భయపడే తండ్రి మీద రాయి వేయనూ లేను. న్యాయం కోసం అడుగుట మానకూడదని మాత్రం చెప్పగలను.

యౌవనస్థునికి జవాబు

తమ్ముడా, ప్రభుత్వం మన పక్షాన ఉండవలసిన పని లేదు. న్యాయం పక్షాన ఉంటే చాలు. ప్రభువు నాణెము చేతికి తీసుకొని, దాని మీద ఎవరి రూపమున్నదని అడిగాడు (మత్తయి 22). నాణెము మీద కైసరు రూపము. మనిషి మీద దేవుని రూపము. అందుకే మనిషి మనస్సాక్షి ఏ కైసరుదీ కాదు. నీదీ, ఉరుకుందకు నడిచిపోయే నీ పొరుగువానిదీ.

నీ ప్రార్థనను ఎవరైనా ఆటంకపరిస్తే చేయి ఎత్తవద్దు, పారిపోవద్దు. చట్టబద్ధమైన ఆరాధనను కావాలని భంగపరచుట భారతీయ న్యాయ సంహిత 300వ సెక్షను క్రింద నేరము. జరిగినది తేదీతో, సాక్షులతో వ్రాసి పోలీసు స్టేషనులో ఇవ్వు. డబ్బు లేని వారికి, ఎస్సీ ఎస్టీలకు, స్త్రీలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితముగా వకీలును ఇస్తుంది. పౌలు కూడా తన రోమా పౌరసత్వమును అడిగి నిలిచాడు (అపొ. కార్యములు 22).

మరి శ్రావణమాసంలో నీ వాకిట ముందు నడిచిపోయేవారికి దాహమైతే, కడవతో నీళ్లు ఇవ్వు. దానికి ఏ చట్టమూ అడ్డురాదు.