వెలుగును పసిగట్టే పొరలు.. కొంచెం ‘తుప్పు’ పట్టిస్తేనే మేలు!

తుప్పు అంటే నష్టం అనే మనకు తెలుసు. అదే తుప్పును లెక్కగా, కావాల్సినంతే పట్టిస్తే వెలుగును గుర్తించే సెన్సర్ గుణమే మారిపోతుంది. జవహర్‌నగర్ అనగానే చాలామందికి డంపింగ్ యార్డే గుర్తొస్తుంది. కానీ శామీర్‌పేట వైపు అదే జవహర్‌నగర్‌లో బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ కూడా ఉంది. అక్కడ పరీక్షిత్ సహాతియా బృందం పొరల సెమీకండక్టర్లతో సెన్సర్లు తయారు చేసే పనిలో ఉంది.

ఎండలోకి వెళ్తే ఫోన్ స్క్రీన్ దానంతటదే వెలుగు పెంచుకుంటుంది కదా. వేలికి పెట్టే ఆక్సీమీటర్ కూడా వెలుగునే చదువుతుంది. లోపలున్న సెమీకండక్టర్ ముక్క మీద కాంతి పడితే ఎలక్ట్రాన్లు కదిలి కరెంటు పుడుతుంది. అయితే ప్రతి పదార్థానికీ ఒక గడప ఉంటుంది. దాన్ని బ్యాండ్ గ్యాప్ అంటారు. ఆ గడప దాటే శక్తి లేని కాంతి ఎంత పడినా ఆ సెన్సర్ గుడ్డిదే. సిలికాన్‌కు ఈ గడప 1.1 ఎలక్ట్రాన్ వోల్ట్.

పొరల పదార్థాల్లో పేరున్నది మాలిబ్డినం డైసల్ఫైడ్. మెకానిక్‌లు వాడే కొన్ని గ్రీజుల్లో కలిపేది ఇదే! పొరలు ఒకదానిమీద ఒకటి జారిపోతాయి, అందుకే గ్రీజుకు పనికొస్తుంది. ఒక్క పొర మందం ఒక మిల్లీమీటరులో పది లక్షల వంతు కూడా ఉండదు. ముద్దగా ఉన్నప్పుడు గడప దాదాపు 1.2, ఒంటి పొరగా తీస్తే 1.8 దాకా పెరుగుతుంది. 2017లో ఐఐటీ హైదరాబాద్‌లో సుష్మీ బదులిక బృందం (సహాతియా అప్పట్లో అందులోనే ఉన్నారు) దీనికి జింక్ సల్ఫైడ్ జోడించి, మామూలు కాగితం మీదే సెన్సర్ చేసి చూపింది.

ఇక తుప్పు సంగతి. ఈ పొరను గాలిలో వేడిచేసినా, ఆక్సిజన్ ప్లాస్మా తగిలించినా గంధకం కొంత లేచిపోయి ఆ చోట ఆక్సిజన్ వచ్చి కూర్చుంటుంది. అలా పుట్టే మాలిబ్డినం ఆక్సైడ్ గడప దాదాపు 3. అంటే అది అల్ట్రావయొలెట్ కిరణాలను పట్టుకుంటుంది. మన వంట డేగ్‌లకు కళాయి పూసే తగరంతోనూ ఇలాంటి కథే: టిన్ డైసల్ఫైడ్ గడప 2.2 దగ్గర, ఆక్సైడ్ అయితే 3.6 దగ్గర. సగం మార్చి ఆపేస్తే ఒకే ముక్కలో రెండు పదార్థాలు పక్కపక్కన ఉంటాయి. వాటి సరిహద్దులో ఎలక్ట్రాన్ ఒకవైపు, అది వదిలిన ఖాళీ మరోవైపు లాగబడతాయి. మళ్లీ కలిసిపోయే లోపే కరెంటుగా బయటికి తీయొచ్చు.

కష్టమంతా ఎక్కడ ఆపాలన్న దాంట్లోనే ఉంది. ఎంత వేడి, ఎన్ని నిమిషాలు, ఎంత ఆక్సిజన్? ఎక్కువైతే అంతా ఆక్సైడే అయిపోయి మామూలు వెలుగు కనిపించదు. బిద్రీ పనివాళ్లకు ఈ మాట చెబితే వెంటనే అర్థమవుతుంది. బీదర్ కోట మట్టి కలిపిన ద్రావణంతో జింక్ లోహాన్ని నల్లబరుస్తారు, వెండి పని మాత్రం మెరుస్తూనే ఉండాలి.

ల్యాబ్ దాటాక ఇదే ఆక్సిజన్ శత్రువవుతుంది. మన వానాకాలం చెమ్మలో సెన్సర్ మెల్లగా ఇంకా ఆక్సైడ్ అవుతూ పోతే దాని లెక్క తప్పుతుంది. ఎండలో పనిచేసే మేస్త్రీకి అల్ట్రావయొలెట్ తీవ్రత చెప్పే పట్టీ అయినా, రోగికి పెట్టే మీటర్ అయినా తప్పు లెక్క చూపితే ప్రమాదమే. అందుకే పైన గాలి చొరని పూత వేయాలి. ఆ పూత వెలుగును ఆపకూడదు, వంచితే పగలకూడదు. ‘కొత్త సెన్సర్ కనిపెట్టారు’ అనే వార్త చదివినప్పుడు, అది ఎన్ని నెలలు నిలిచిందో రాశారా అని ముందు చూడండి.

ఇంటర్‌లో ఎంపీసీ చదివే మన పిల్లలకు ఇది దూరపు విషయమేం కాదు. సెమీకండక్టర్లు వాళ్ల ఫిజిక్స్ పుస్తకంలోనే ఉన్నాయి, ఆక్సీకరణం కెమిస్ట్రీలో ఉంది. బిట్స్‌లో ఇంజినీరింగ్‌కు బిట్‌శాట్ రాయాలి. ఎమ్మెస్సీ చేసినవాళ్లు సీఎస్ఐఆర్ నెట్ లేదా గేట్ దారిలో పరిశోధన వైపు వెళ్లొచ్చు. అమ్మాయిలు కెమిస్ట్రీ తీసుకుంటే టీచర్ ఉద్యోగమే దిక్కని ఇంట్లో అనేవాళ్లకు ఈ సంగతి కూడా చెప్పండి.