చీర్‌లీడింగ్ ఆటేనా? పేరొక్కటే కాదు, పేరెంట ఏమొస్తదో సూడాలె

ఐపీఎల్ మ్యాచ్‌ల సిక్స్ పడంగనే కెమెరా బౌండరీ దిక్కు తిరుగుతది. చేతుల్ల కుచ్చులు పట్టుకొని అమ్మాయిలు ఎగురుతరు. 2008ల ఐపీఎల్ మొదలైన కాడికెళ్లి సూస్తున్నదే. ఫోన్ల కింద ఎసుంటి కామెంట్లు పడుతయో మీకు నేను చెప్పే పనిలేదు. "గదొక ఆటనా?" అని ఎవరన్న అడిగితే చానమంది నవ్వుతరు.

నవ్వే ముందు ఒక ముచ్చట తెల్సుకుందాం. చీర్‌లీడింగ్ అనే ఒక్క పేరు కింద రెండు వేరే వేరే పనులున్నయి.

మొదటిది, మైదానం పక్కన నిలబడి జనానికి ఊపు తెచ్చుడు. ఇది 1898ల అమెరికాల, మిన్నెసోటా యూనివర్సిటీల మొదలైంది. జానీ క్యాంప్‌బెల్ అనే స్టూడెంట్ తమ ఫుట్‌బాల్ టీమ్ కోసం జనంతోని నినాదాలు ఇప్పిచ్చిండు. అవును, మొదలువెట్టింది మొగోడే. చాన ఏండ్లు అది మొగోళ్ల పనే. 1920లల్ల ఆడోళ్లు వచ్చిండ్రు. రెండో ప్రపంచ యుద్ధానికి పోరగాండ్లు పోయినంక ఆ జాగ ఆడోళ్లదే అయింది.

రెండోది, పోటీ చీర్‌లీడింగ్. ఇండ్ల ఎవలకూ ఊపు తెచ్చేది లేదు, వాళ్లే పోటీదారులు. రెండున్నర నిమిషాల్ల మొత్తం సూపియ్యాలె. కింద ఉండి మోసేటోళ్లను బేస్ అంటరు, పైకి లేసే అమ్మాయిని ఫ్లయర్ అంటరు, పడితే పట్టుకునేటందుకు ఎన్క నిలబడేటోళ్లను స్పాటర్ అంటరు. గాలిల గిరగిర తిరుగుడు, పల్టీలు, మనుషుల మీద మనుషులు నిలబడే పిరమిడ్. జడ్జీలు మార్కులేస్తరు. బలం, ప్రాక్టీసు, రూల్సు, గెలుపోటములు అన్నీ ఉన్నయి. జిమ్నాస్టిక్స్ ఆట అయితే ఇది ఎందుకు కాదు?

ఇది ఉత్త పేరు పంచాయితీ కాదు, పానాల ముచ్చట. చీర్‌లీడింగ్‌ల మొత్తం దెబ్బలు వేరే ఆటలకంటె తక్కువే. గాని తగిలితే పెద్దగ తగుల్తయి. 1982 నుంచి తీసిన లెక్కల ప్రకారం అమెరికా హైస్కూల్ అమ్మాయిలకు ఆటల్ల తగిలిన అతి పెద్ద దెబ్బలల్ల, అంటే పానం మీదికొచ్చేటియి, తల, మెడ, ఎన్నుపూస పోయేటియి, సగానికంటె ఎక్కువ చీర్‌లీడింగ్‌లనే. అయినా చాన రాష్ట్రాల్ల దాన్ని "ఆట" అనకుంట "కార్యక్రమం" లెక్కనే రాసుకున్నరు. ఆట అంటే శిక్షణ ఉన్న కోచ్ కావాలె, ప్రాక్టీసుకు హద్దు ఉండాలె, దెబ్బ తగిలితే సూసే మనిషి దగ్గర్ల ఉండాలె. కార్యక్రమం అంటే ఇయన్నీ ఉండాలని గట్టి నిబంధన ఉండదు. అందుకే 2012ల అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం, 2014ల అమెరికన్ మెడికల్ అసోసియేషన్ చీర్‌లీడింగ్‌ను ఆటగ గుర్తించుమన్నయి.

మరి వెంటనే ఆట అనేస్తే అయిపోతదా? ఇక్కడ్నే అసలు మెలిక ఉన్నది. చదువుల ఆడ, మొగ తేడా సూపద్దని అమెరికాల 1972ల టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. దాని వల్లనే కాలేజీలు అమ్మాయిలకు కూడ ఆటల్ల సమానంగ అవకాశాలు ఇయ్యాలె. 2009ల కనెక్టికట్‌ల ఉన్న క్వినిపియాక్ యూనివర్సిటీ, అమ్మాయిల వాలీబాల్ టీమ్‌ను తీసేసి దాని జాగల చీర్ టీమ్ పెడ్తమన్నది. వాలీబాల్ అమ్మాయిలు, వాళ్ల కోచ్ కోర్టుకు పోయిండ్రు. 2010ల జడ్జి వాళ్ల దిక్కే తీర్పిచ్చిండు. పోటీ చీర్‌కు అన్ని జాగలల్ల ఒక్కతీరు రూల్సు లేవు, ఇప్పటికైతే ఆ చట్టం కింద ఇది ఆట కాదు, ముందుముందు కావొచ్చు అన్నడు. 2012ల పై కోర్టు కూడ అదే ఖాయం చేసింది.

సూసిండ్రా? అమ్మాయిలకు ఆట ఇస్తున్నమని చెప్పి అమ్మాయిల ఆటనే గుంజుకునే తెలివి! ఆట అన్న పేరు హక్కు తేవాలె గాని ఉన్న హక్కును మింగొద్దు.

ఆ తర్వాత పోటీ చీర్ ఒక కుదురుకు వచ్చింది. 2021ల అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దాని ప్రపంచ సంఘానికి పూర్తి గుర్తింపు ఇచ్చింది. కాబట్టి నా లెక్కల పోటీ చీర్‌లీడింగ్ ముమ్మాటికీ ఆటనే.

మరి బౌండరీ కాడ ఎగిరేటోళ్లు? అది ఆట కాదు, పని. పని అయినప్పుడు కూలి ఇయ్యాలె. 2014ల ఓక్లాండ్ రైడర్స్ అనే ఫుట్‌బాల్ టీమ్ చీర్‌లీడర్లు, మాకు కనీస వేతనం కూడ గిట్టుబాటైతలేదని కేసేసిండ్రు. ఆ టీమ్ 12.5 లక్షల డాలర్లు కట్టి రాజీకొచ్చింది. 2015ల కాలిఫోర్నియా చట్టమే చేసింది: టీమ్ కోసం పనిచేసే చీర్‌లీడర్లు ఉద్యోగులే, ఉద్యోగుల హక్కులన్నీ వాళ్లకుంటయి.

మనకు ఇది కొత్త కథ కాదు. గడ మీద తిరిగే, తీగ మీద నడిచే దొమ్మరోళ్ల బిడ్డ సూపెట్టేది కూడ బలం, ఒడుపే. అసుంటి ఒడుపే స్టేడియంల సూపెడితే పతకం, వీధిల సూపెడితే చిల్లర పైసలు. మీదికెళ్లి ఆ కులం పేరునే ఆడోళ్లను తిట్టే తిట్టు చేసుకున్నం. ఏది ఆట, ఏది కాదు అని చెప్పేటప్పుడు, ఆడేది ఎవలు అన్నది సూసే చెప్తున్నమా అని మనల్ని మనం అడుగుకోవాలె.

తమ్ముండ్లూ, చెల్లెండ్లూ, ఇగ మ్యాచ్‌ల కెమెరా ఆ అమ్మాయి దిక్కు తిరిగినప్పుడు ఒక్కటి యాదికుంచుకోండ్రి. ఆమె డ్యూటీల ఉన్నది. కామెంట్ కొట్టే ముందు, మన అక్క డ్యూటీల ఉన్నప్పుడు ఎవడన్న గట్లంటే ఊకుంటమా అని జర ఆలోచన చెయ్యుండ్రి.