క్లబ్బు పియానో చర్చిలోకి వచ్చిన వేళ

దేవుని మందసం యెరూషలేముకు వస్తుంటే దావీదు రాజు హోదా మరచి వీధిలో నాట్యమాడాడు. కిటికీలోంచి చూసిన భార్య మీకాలు మనసులోనే ఆయనను చీదరించుకుంది (2 సమూ 6:14-16). 1965 సెప్టెంబరు 16న అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్రేస్ కెథీడ్రల్‌లో ఆ ఘట్టం మళ్లీ కళ్లకు కట్టింది. దావీదు నాట్యాన్ని తలపిస్తూ బనీ బ్రిగ్స్ అనే నర్తకుడు బూట్ల తాళంతో ఆడుతుంటే, పియానో దగ్గర కూర్చున్నవాడు డ్యూక్ ఎల్లింగ్టన్!

నల్లజాతివారి వేదనలోంచి, పాటల్లోంచి పుట్టిన జాజ్ సంగీతంలో ఎల్లింగ్టన్ మహా విద్వాంసుడు. 1899లో వాషింగ్టన్‌లో పుట్టాడు. తల్లిది బాప్టిస్టు సంఘం, తండ్రిది మెథడిస్టు సంఘం కావడంతో చిన్నప్పుడు ఆదివారం రెండు చర్చిలకూ వెళ్లేవాడు. 1927 నుంచి న్యూయార్కు కాటన్ క్లబ్బులో ఆయన బృందం వాయించింది. అక్కడ వేదిక మీద నల్లవారు, బల్లల దగ్గర తెల్లవారు! 'అనాటమీ ఆఫ్ ఎ మర్డర్' (1959) సినిమా సంగీతానికి మూడు గ్రామీలు వచ్చాయి. 'పారిస్ బ్లూస్' (1961) ఆస్కార్ నామినేషన్ తెచ్చింది. 1965లో ఆయనకు ప్రత్యేక గౌరవం ఇవ్వాలని పులిట్జర్ న్యాయనిర్ణేతలు సిఫారసు చేస్తే బోర్డు కాదంది.

అదే ఏడాది చర్చిలో చేసిన ఆ కచేరీయే తన జీవితంలోకెల్లా ముఖ్యమైన పని అని ఆయన చెప్పుకున్నాడు. ఇంగ్లిషు బైబిలులోని మొదటి నాలుగు మాటలు పలికితే ఆరు అక్షరాలు. ఆ ఆరింటికీ ఆరు స్వరాలు కట్టి దాన్ని మొదలుపెట్టాడు.

మరుసటి ఏడు సొంత ఊరు వాషింగ్టన్‌లో ఆ కచేరీ పెడితే, బాప్టిస్టు బోధకుల సమాఖ్య మద్దతివ్వనంది. నైట్‌క్లబ్బుల్లో వాయించేవాడు, లోకసంబంధమైన సంగీతం అన్నది అభ్యంతరం. ఈ మాటలు మనకు కొత్తా? డ్రమ్ములు, కీబోర్డు వచ్చినప్పుడు మన సంఘాల్లోనూ ఇదే గొడవ. పెద్దలు ప్రాణంగా చూసుకునే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల రాగతాళాలు మాత్రం బయటి నుంచి వచ్చినవి కావా? అయినా ఆ బోధకులను నేను తేలిగ్గా తీసిపారేయను. ఎల్లింగ్టన్ కుటుంబ జీవితం ఆదర్శమైనది కాదు. భార్యకు దూరమై ఇతర స్త్రీలతో ఉన్నాడు. దావీదు మాత్రం? బత్షెబ సంగతి తెలిసీ అతని కీర్తనలు ప్రతి ఆదివారం చదువుతున్నాం.

రెండో పవిత్ర కచేరీ 1968లో న్యూయార్కులోని సెయింట్ జాన్ ది డివైన్ కెథీడ్రల్‌లో జరిగింది. మూడోది 1973 అక్టోబరు 24న లండన్ వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో. అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆయనను తినేస్తోంది. ఏడు నెలలకు, 1974 మే 24న కన్నుమూశాడు. అంత్యక్రియల ఆరాధన రెండో కచేరీ జరిగిన చర్చిలోనే. పన్నెండు వేల మందికి పైగా వచ్చారు.