సింగరేణి దర్శనము: మూతపడిన గని చెప్పు కథ

గోదావరి తీరమున దర్శనములకు కొదువ లేదు. బాసరలో జ్ఞానసరస్వతి, ధర్మపురిలో నరసింహస్వామి, కాళేశ్వరములో ముక్తీశ్వరుడు. పూర్వపు ఆదిలాబాదు, కరీంనగరు జిల్లాలలో నదివెంట నడచు యాత్రికునకు మజిలీకొక క్షేత్రము తగులును. ఆ రెండు జిల్లాలను వేరుచేయు ఆ నది ఒడ్డుననే 2022 డిసెంబరులో ఒక క్రొత్త దర్శనము మొదలైనది. ఇందు గుడి లేదు, గోపురము లేదు. రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థయు, సింగరేణి కాలరీస్ కంపెనీయు కలసి హైదరాబాదునుండి నడిపించిన ఈ బస్సు యాత్రకు 'సింగరేణి దర్శన్' అని పేరు పెట్టిరి. బొగ్గు త్రవ్వకము నిలిచిపోయిన గోదావరిఖని ఏడవ నంబరు ఎల్.ఇ.పి. గని, ఒక ఓపెన్‌కాస్టు గని, ప్రమాదవేళల పనిచేయు రెస్క్యూ స్టేషను, నదికి ఆవలి ఒడ్డున జైపూరు విద్యుత్ కేంద్రము యాత్రికులకు చూపదలచినవి.

పని ఆగిన గనిలో చూడదగినది ఏమున్నదని ఎవరైనను అడుగవచ్చును. బొగ్గు లేదు, కార్మికులు లేరు, యంత్రముల చప్పుడు లేదు. మిగిలినది చీకటి. ఆ చీకటి కొరకు ఇంతదూరము పోవలెనా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే మా ప్రసంగమునకు ఉద్దేశము.

ముందుగా కొంత చరిత్ర. 1871లో భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతమున, సింగరేణి గ్రామ సమీపమున బొగ్గు ఉన్నదని కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ గనుల హక్కులు సంపాదించినది. 1889లో ఇల్లందులో త్రవ్వకము ఆరంభమైనది. 1920 డిసెంబరు 23న కంపెనీ సింగరేణి కాలరీస్ అను పేరు ధరించినది. అందుచేతనే నేటికిని ఆ తేదీని సింగరేణి దినముగా జరుపుకొనుచున్నారు. 1945లో నిజాము ప్రభుత్వము వాటాలు కొనగా అది ప్రభుత్వ సంస్థ అయినది. గోదావరికి ఉత్తరమున బెల్లంపల్లి ప్రాంతమున 1928లోను, నదికి దక్షిణమున రామగుండము ప్రాంతమున 1961లోను గనులు తెరచిరి. గోదావరి ఒడ్డున ఖని వెలసినది కనుక ఊరు గోదావరిఖని అయినది. పుస్తకములలో అది గని. అచటి జనుల నోట మాత్రము 'బాయి'. నీటికొరకు త్రవ్విన బావి వలెనే ఇదియు లోతునకు పోవునదే కదా. ఉద్యోగమునకు పోవువాడు 'బాయికి పోతున్న' ననియే చెప్పును.

ఇక బాయిలోనికి దిగుదము. ఇచటి గనులలో పెక్కింటికి ఏటవాలుగా లోనికి పోవు సొరంగమే ద్వారము. దానిని 'ఇంక్లైన్' అందురు. వెలుతురు వెనుకబడిన కొలది రెండు ప్రక్కల నల్లని గోడ మెరయును. ఆ గోడ ఒకప్పుడు అడవి. 25 కోట్ల సంవత్సరములకు పూర్వము ఈ లోయలో చిత్తడి నేలలు ఉండెను. నాలుకవంటి ఆకులు గల గ్లాసోప్టెరిస్ అను చెట్లు అందు పెరిగి, కూలి, బురద క్రింద అణగిపోయినవి. పైన ఇసుక పొరలు పేరుకొనగా ఆ బరువునకును, వేడికిని చెట్టు బొగ్గు అయినది. రాతిపొరలలో ఆ ఆకుల అచ్చులు నేటికిని దొరకును.

అయితే గనిలో మనిషి మొదట చూడవలసినది గోడను కాదు, పైకప్పును. బొగ్గును త్రవ్వు పాత పద్ధతిలో సొరంగములను నిలువుగను, అడ్డముగను చదరంగపు బల్ల వలె తొలుచుకొని పోవుదురు. నడుమ మిగిలిన బొగ్గు దిమ్మలు స్తంభములై పైభూమిని మోయును. పిదప వెనుకకు మరలుచు ఆ స్తంభములను సైతము తీసికొందురు. ఖాళీ అయిన చోట పైకప్పును కూలనిత్తురు. లేదా గోదావరి ఇసుకను నీటిలో కలిపి గొట్టముల ద్వారా పంపి నింపుదురు. స్తంభమును తీయు పనియే ప్రమాదములలోకెల్ల ప్రమాదము. కనుక అనుభవజ్ఞుడైన కార్మికుడు ఇనుప కడ్డీతో పైకప్పును తట్టి చెవియొగ్గి వినును. గట్టిగా, స్పష్టముగా మ్రోగినచో కప్పు నిలుచును. డోలు వలె బోలుగా మ్రోగినచో రాయి వదులైనదని గుర్తు. పూర్వము కప్పునకు ఆనించిన కర్ర దుంగలపై కార్మికులకు ఇనుప దిమ్మెలపైకన్న నమ్మకము మెండు. కర్ర విరుగుటకు ముందు కిర్రుమని చెప్పును; ఆ చప్పుడు విని తప్పించుకొన వీలుండును. శబ్దముతోనే పని గల మావంటి రేడియోవారికి ఈ విద్య విశేషముగా తోచును. గనిలో కన్నుకన్న చెవి ముఖ్యము.

తరువాతిది గాలి. ఒక దారిన మంచి గాలి లోనికి వచ్చును. పని జరుగుచోటులను చుట్టి, వేడిని, ధూళిని, వాయువులను మోసికొని మరియొక దారిన పోవును. పైన పెద్ద పంకా దానిని లాగుచుండును. బొగ్గునుండి వెలువడు మీథేన్ వాయువునకు రంగు లేదు, వాసన లేదు; నిప్పురవ్వ తగిలినచో ప్రేలును. 1815లో హంఫ్రీ డేవీ నిర్మించిన రక్షణ దీపము ఈ కంటికి కనబడని శత్రువును పట్టియిచ్చినది. వల చుట్టిన ఆ దీపపు మంటపై నీలి ఛాయ కనబడినచో మీథేన్ ఉన్నదని తెలియును. మంట క్షీణించినచో ప్రాణవాయువు తగ్గినదని తెలియును.

ఈ కప్పు క్రింద, ఈ గాలిలో పని ఎట్లు జరిగెను? గోడకు రంధ్రములు వేసి, మందు కూరి, షాట్‌ఫైరర్ ప్రేల్చును. పొగ తగ్గిన పిదప కార్మికులు బొగ్గును తట్టలకెత్తి, మోసికొనిపోయి, పట్టాలపైనున్న టబ్బులలో పోయుదురు. ఈ తట్ట, పార పనికి సింగరేణిలో 'తట్టా చెమ్మస్' అని పేరు. కాలక్రమమున ఎత్తి పోయు యంత్రములు వచ్చినవి. 1983లో లాంగ్‌వాల్ పద్ధతి ప్రవేశించినది. అందు కోతయంత్రము గోడ పొడవున కోసికొనుచు పోవును. అయినను కోలిండియా వలెనే సింగరేణియు తట్ట మోసిన భుజములపైననే ఎదిగినదని మరువరాదు.

ఇక చివరిది, నీరు. బొగ్గు తీసిన సొరంగములలో ఊట చేరును. పని నడచునంతవరకు పంపులు దానిని తోడివేయును. పని ఆగి పంపులు ఆగినచో గని లోపల చెరువై నిండును. ప్రక్కనున్న గనిలో పనిచేయువానికి ఆ చెరువు కనబడదు. నడుమ కొన్ని గజముల బొగ్గుగోడ మాత్రమే అడ్డు. అందుచేతనే నీరు నిలిచిన పాత పనితావునకు 60 మీటర్ల లోపు అనుమతి లేనిదే సాగరాదనియు, ముందుగా రంధ్రములు తొలిచి పరీక్షింపవలెననియు గనుల నిబంధనలు శాసించినవి. 1975 డిసెంబరు 27న ధన్‌బాదు సమీపమున చస్నాలా గనిలోనికి నీరు విరుచుకొనిపడి 375 మంది ప్రాణములు గొన్నది.

అంతదూరము పోనక్కరలేదు. 2003 జూన్ 16న ఈ ఏడవ ఎల్.ఇ.పి. గనిలోనే, యాత్రికులకు చూపదలచిన ఈ గనిలోనే, నీరు ముంచెత్తి 17 మంది కార్మికులు మరణించిరి. అదే సంవత్సరము అక్టోబరులో గోదావరిఖని 8ఎ గనిలో పైకప్పు కూలి 10 మంది మరణించిరి. మనము నిలిచి వింతగా చూచు చోట వారు పనికి పోయి తిరిగి రాలేదు.

అందుచేత మా సమాధానమిది. మూతపడిన గని చచ్చిన గని కాదు. దాని పటము పోగొట్టుకొన్నచో, అందు నీరెంత నిలిచినదో మరచినచో, ప్రక్క గనివారి ప్రాణములకు ముప్పు. గనుల లోకములో జ్ఞాపకము ఒక రక్షణ సాధనము. ఏ గనిని తెరచి జనులకు చూపినను, ఆ జ్ఞాపకమును భద్రపరచుటకే చూపవలెను. చీకటిని చూపి, బొగ్గుపెళ్లను చేతికిచ్చి, ఫోటో తీసి పంపినచో అది వినోదము. కప్పును తట్టి వినిపించి, నీరు వచ్చిన దినమును చెప్పి పంపినచో అది దర్శనము.

ఇందుకు ఇతర దేశములలో మంచి మార్గము కలదు. వేల్సు దేశమున బ్లెయినావన్ ఊరిలోని 'బిగ్ పిట్' గని 1980లో మూతపడగా, 1983లో సందర్శకులకు తెరచిరి. అగ్గిపెట్టె, గడియారము, నిప్పురవ్వ పుట్టించు వస్తువేదియు లోనికి తీసికొనిపోరాదు. టోపియు దీపమును ధరించి 90 మీటర్ల లోతునకు దిగవలెను. ఒకచోట దీపములన్నియు ఆర్పించి, సంపూర్ణమైన చీకటి యెట్టిదో తెలియజేయుదురు. అన్నిటికన్న మెచ్చదగినది, అచట దారి చూపువారు గనిలో పనిచేసిన కార్మికులే. తట్ట మోసినవాడు చెప్పు మాటకు, పాఠము చదివినవాడు చెప్పు మాటకు గల తేడా ఎవరికి తెలియదు?

మన ప్రాంతమున అట్టివారికి కొదువ లేదు. గోదావరిఖనిలోను, బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూరులలోను, బాయి దిగి పదవీ విరమణ చేసిన వృద్ధులు వేలమంది ఉన్నారు. 1990 ప్రాంతమున సింగరేణి కార్మికుల సంఖ్య లక్షకు పైబడి ఉండెను. నేడది 40 వేల ప్రాంతమునకు తగ్గినది. 1975లో మొదలైన ఓపెన్‌కాస్టు గనులనుండియే నేడు బొగ్గులో అధికభాగము వచ్చుచున్నది. అందు నేలను పైనుండియే తొలుచుకొని పోవుదురు. చీకటి లేదు, కప్పు లేదు. కప్పును తట్టి వినగల చెవులు క్రమముగా తగ్గిపోవుచున్నవి. ఉన్నవారి మాటను ఇప్పుడే విని భద్రపరచుట మంచిది.

యాత్రలో నదిని దాటిన పిదప జైపూరున 1200 మెగావాట్ల విద్యుత్ కేంద్రము కనబడును. క్రింద చీకటిలో తీసిన బొగ్గు ఇచట వెలుగై తీగలమీద మన ఇండ్లకు పోవును. గనిని చూచి వచ్చినవారు ఇంటికి చేరి దీపపు మీట నొక్కునపుడు, ఒక్క క్షణము ఆ తీగ వెంట మనసును వెనుకకు నడిపింతురు గాక. ఆ తీగ కొసన 2003 జూన్ 16న ఉదయము ఇల్లు విడిచిన, రాత్రికి తిరిగి రాని ఒక మనిషి ఉన్నాడు. సింగరేణిలో దర్శింపవలసినది అతనినే.