బీకాం చదివిన మన పిల్లల పని ఏమవుతుంది?

మిల్లులో రోజంతా నిలబడి పనిచేసిన తరం, తమ పిల్లలు కూర్చుని చేసే పనిలో ఉండాలని కోరుకుంది. 1996లో బి అండ్ సి మిల్లు మూతపడ్డాక ఆ కోరిక ఇంకా గట్టిపడింది. బీకాం పట్టా రాగానే మూడు నెలలు టాలీ నేర్చుకోవడం, పురసవాక్కం హైరోడ్డు మీద బట్టల కొట్లోనో నగల కొట్లోనో, కాకపోతే షావుకారుపేటలోనో, ఎవరైనా ఆడిటరు ఆఫీసులోనో లెక్కలు రాయడానికి చేరడం మనలో చాలా ఇళ్ళకు తెలిసిన దారే. ఇప్పుడు ఆ దారిలో మొదటి మెట్టే కదులుతోంది.

టాలీ వచ్చినప్పుడూ ఇదే భయం ఉండేది. 1986లో బెంగళూరులో మొదలైన ఆ సాఫ్ట్‌వేరు చిట్టా, ఆవర్జా పుస్తకాల్లో కూడికలు వేసే గుమాస్తా పని తీసేసింది. కానీ బిల్లు చూసి టైపు చేసేవాళ్ళు కావలసి వచ్చారు. ఈసారి పోతున్నది ఆ టైపు పనే. బిల్లును ఫోన్‌తో ఫొటో తీస్తే చాలు, ఎవరు అమ్మారు, ఎంత సరుకు, జీఎస్టీ ఎంత అన్నది సాఫ్ట్‌వేరే చదివి పద్దు వేసేస్తుంది. పెద్ద వ్యాపారాల్లో ఫొటో కూడా అక్కర్లేదు. 2023 ఆగస్టు నుంచి ఏడాదికి 5 కోట్లు దాటిన వ్యాపారులు ఇంకో వ్యాపారికి అమ్మితే ఆ ఇన్‌వాయిస్‌ను ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చెయ్యాల్సిందే.

అయినా అంతా నున్నగా సాగుతుందనుకోకండి. కార్బన్ కాగితం మీద తమిళంలో గీకిన బిల్లు ఇస్తే 1ని 7గా చదివే అవకాశం ఉంది. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలుంటాయి. తమిళనాడు వాళ్ళది 33తో, ఆంధ్రా వాళ్ళది 37తో, తెలంగాణ వాళ్ళది 36తో మొదలవుతుంది. గుంటూరు నుంచి వచ్చిన మిరపకాయల బిల్లు మీద 33 కనబడితే, తెలిసిన పిల్ల అక్కడే ఆగి అడుగుతుంది. సరుకు మద్రాసులో ఉన్న కొట్టు పేరు మీద వచ్చిందా, నంబరు తప్పా? అలా అడగడం రావాలంటే లెక్క తెలియాలి, సరుకు దారి కూడా తెలియాలి.

ఇంకో సంగతి. కొన్న సరుకు మీద కట్టిన పన్ను వెనక్కి రావాలంటే, అమ్మినవాడు ఆ బిల్లును తన రిటర్నులో చూపించి ఉండాలి. 2022 జనవరి నుంచి చట్టంలో ఉన్న మాట ఇది. ఇదివరకు ఆఫీసు కుర్రాడు స్కేలు పెట్టుకుని రెండు లిస్టులూ వరస వరసా పోల్చేవాడు. ఇప్పుడు ఆ పోలిక నిమిషాల్లో అయిపోతుంది. తేడా ఉన్న బిల్లులు ఒక పక్కకి వస్తాయి. వాటి కోసం అమ్మినవాడికి ఫోను చేసి, "ఏమన్నా, మా బిల్లు ఇంకా ఎక్కించలేదే!" అని నాలుగుసార్లు వెంటబడి ఎక్కించేదాకా వదలని పని మాత్రం మనిషిదే.

ఆడిట్ సంగతి ఇంకా పెద్దది. పది వేల వోచర్లు ఉంటే ఆడిటరు మనుషులు అందులో కొన్ని ఏరి చూసేవాళ్ళు, అన్నీ చూడ్డం కుదిరేది కాదు. ఏఐతో పదివేలూ చూడొచ్చు. ఒకే బిల్లు రెండుసార్లు పడిందా, ఆదివారం అర్ధరాత్రి పద్దు ఎవరు వేశారు, మేనేజరు సంతకం అక్కర్లేని పరిమితికి పది రూపాయలు తక్కువగా పదే పదే చెల్లింపులు ఎందుకు జరిగాయి, ఇవన్నీ ఎత్తి చూపిస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే సాఫ్ట్‌వేరులో, ఏ పద్దును ఎప్పుడు మార్చారో గుర్తు మిగలాలన్న నియమం కూడా వచ్చింది.

మరి సత్యం లాంటి మోసం ఇక జరగదా? 2009 జనవరి 7న రామలింగరాజు రాసిన ఉత్తరం గుర్తుందిగా. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వ 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవు. కంప్యూటరు తెలిసిన కంపెనీలోనే, పేరున్న ఆడిటర్ల కళ్ళ ముందే ఏళ్ళ తరబడి నడిచింది. దొంగ కాగితాలు ఒకదానితో ఒకటి సరిపోయేలా తయారుచేసి ఇస్తే మిషన్ కూడా సరిపోయాయనే చెప్పొచ్చు. బ్యాంకును నేరుగా అడగాలి. గోడౌనుకి వెళ్ళి మూటలు లెక్కపెట్టాలి. నా మటుకు నాకు ఆడిట్ అంటే ఇదే, మిగతాదంతా కూడికలు.

ఏఐ తనంతట తానే అబద్ధం పుట్టించడం కూడా ఉంది. 2025లో ఆస్ట్రేలియాలో డెలాయిట్ సంస్థ ప్రభుత్వానికి ఇచ్చిన రిపోర్టులో లేని పుస్తకాల పేర్లు, కోర్టు అనని మాటలు బయటపడ్డాయి. తయారీలో ఏఐ వాడామని ఒప్పుకుని, ఫీజులో కొంత తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. మన దగ్గర చార్టర్డ్ అకౌంటెంటు సర్టిఫికెట్ ఇస్తే దాని మీద 18 అక్షరాల యూడీఐఎన్ నంబరు ఉండాలి. ఆ నంబరు ఒక మనిషి పేరు మీదే వస్తుంది. రేపు తప్పు తేలితే ఆ మనిషినే పిలుస్తారు.

అందుకే కోచింగ్ సెంటరుకి ఫీజు కట్టేముందు అడగండి. బిల్లులు టైపు చెయ్యడమేనా నేర్పేది? బ్యాంకు స్టేట్‌మెంటుతో పుస్తకం సరిచూడ్డం, జీఎస్టీ తేడాలు పట్టుకోవడం, స్టాకు లెక్కపెట్టడం నేర్పుతారా? ఎంట్రీ మాత్రమే అంటే ఆ డబ్బు దాచుకోవడం మంచిది.

యజమాని పుస్తకాలు చూడ్డానికి ఆడిటరు ఉన్నాడు, ఇప్పుడు ఏఐ కూడా వచ్చింది. మన జీతం లెక్క మనమే చూసుకోవాలి. బేసిక్, డీఏ కలిపి 15,000 ఉన్న మనిషికి పీఎఫ్ కింద 12 శాతం, అంటే 1,800 కోస్తారు. యజమాని కూడా 1,800 వెయ్యాలి. అందులో 1,250 పెన్షన్‌కి, 550 పీఎఫ్‌కి పోతాయి. స్లిప్పులో కోత కనబడి పాస్‌బుక్‌లో జమ కనబడకపోతే ఏ నెల నుంచో రాసిపెట్టుకోండి, స్లిప్పులు పారెయ్యకండి. ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరవడం రాకపోతే, ఇంట్లో బీకాం చదివే పిల్లకే ఆ పని అప్పజెప్పండి. అన్నట్టు, స్లిప్పునూ ఆధార్‌నూ ఫొటో తీసి ఏదో చాట్ యాప్‌లో వేసి లెక్క అడగొద్దని ముందే చెప్పండి. 15,000లో 12 శాతానికి కాగితం, పెన్సిలూ చాలు.