వ్యాయామశాలయు వంటయిల్లును

అనేక గ్రామములలో నేడు వ్యాయామశాలలు వెలసినవి. సంతోషమే. కాని వానివెంట ప్రోటీను పొడి డబ్బాలును వచ్చినవి. కొన్నింటి వెల వేల రూపాయలు. ఆ సొమ్ముతో ఇంటిల్లిపాదికి ఎన్నియో దినములు పప్పు, గ్రుడ్లు అమరును. కండలు పెంచుటకై ఇట్టి పొడులు వాడవద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూచనలలో చెప్పినది.

శిక్షకుడు ముందుగా అడిగి తెలిసికొనవలెను: ఇంట వండువారెవరు? నిన్న ఏమి తింటిరి? పప్పు అందరికిని వచ్చినదా? మన కంచములలో అన్నము కొండంత, కూర గోరంత. అన్నము కొంత తగ్గించి పప్పు, ఆకుకూర పెంచవలెను. బియ్యములోని మాంసకృత్తుల లోటును పప్పు తీర్చును, పప్పులోని లోటును బియ్యము తీర్చును. ఉప్పు మనిషికి దినమునకు 5 గ్రాములు మించరాదు. ఆవకాయ, అప్పడములలోని ఉప్పును ఈ లెక్కలోనిదే. ఇది చెప్పుట సులభము, ఒప్పించుట కష్టము! కుర్రవానికొక్కనికే చెప్పిన ప్రయోజనము లేదు. తల్లిని, అవ్వను గూడ కూర్చుండబెట్టి మాటలాడవలెను. ఆడవారు చివర భుజించు ఇండ్లలో వారికి మిగులునది పప్పుగిన్నె అడుగే.

శిక్షకుడు వైద్యుడు కాడు. మధుమేహము, మూత్రపిండముల వ్యాధి గలవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. పొడులమ్మి కమీషను పుచ్చుకొను శిక్షకుని సలహాను మేము సలహాగా ఎంచము.

పంచాయతీ సభ్యులకు మా మనవి యొకటి. శిక్షకుని, అంగన్‌వాడీ కార్యకర్తను గ్రామసభకు పిలిచి, ఊరి సంతలో దొరకు సరకులతోనే వారమునకు సరిపడు వంటకముల పట్టిక వ్రాయించి, వ్యాయామశాల గోడకు అంటింపుడు.